స్టేషన్‌లో కెమెరా పెట్టారు సరే, దెబ్బలు తగ్గాయా?

2019 డిసెంబర్ 6 శుక్రవారం. దోహాలో అప్పట్లో మనకు వారాంతం అంటే శుక్ర, శనివారాలే కాబట్టి ఇంట్లో అందరూ నిద్రలోనే ఉన్నారు. లేచి ఫోన్ చూస్తే వాట్సాప్ నిండిపోయి ఉంది. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, దిశ కేసు నిందితులు నలుగురూ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. పోలీసుల మీద జనం పూలు చల్లుతున్న వీడియో ఒకటి, రాఖీలు కట్టి మిఠాయిలు తినిపిస్తున్నది ఇంకొకటి. నేను ఆలోచించలేదు. "శభాష్ పోలీస్" అని రాసి మూడు గ్రూపుల్లోకి పంపేశాను. పది రోజులుగా ఆ అమ్మాయిని తలచుకుని నిద్రపట్టని ఆడవాళ్లం మేం. మా గ్రూపులో ఆ రోజు ఇంకో మాట రాసినవారు ఒక్కరు కూడా లేరు.

రెండున్నరేళ్లకు, 2022 మే 20న, సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. చూసుకుంటే అది కూడా శుక్రవారమే. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని కమిషన్ తేల్చింది. పది మంది పోలీసుల మీద హత్య అభియోగంతో విచారణ జరపాలని చెప్పింది. నన్ను కుదిపింది ఇంకో వాక్యం. చనిపోయిన నలుగురిలో ముగ్గురు నేరం నాటికి మైనర్లట. ఈ వార్తను మా గ్రూపుల్లో ఎవరూ పంపలేదు. నేనూ పంపలేదు. అప్పటి నుంచి ఒక ప్రశ్న మనసులో ఉండిపోయింది. పోలీసులు చెయ్యి ఎత్తడానికి, తుపాకీ పేల్చడానికి ఇన్ని నియమాలు వచ్చాయంటారు కదా, అవి పనిచేస్తున్నాయో లేదో ఎవరైనా కొలిచారా? కొలవాలంటే ఎలా?

నేను లాయర్ని కాను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి ఇల్లు చూసుకుంటున్న మనిషిని. కానీ ల్యాబ్‌లో మా మేడమ్ నేర్పిన ఒక అలవాటు పోలేదు. టైట్రేషన్ మొదలుపెట్టే ముందు బ్యూరెట్‌లో మొదటి రీడింగ్ రాసుకోవాలి. అది రాయకుండా చివరి రీడింగ్ ఎంత జాగ్రత్తగా చూసినా ఎంత ద్రావణం దిగిందో చెప్పలేం. పోలీసు సంస్కరణల సంగతి చదువుతుంటే నాకు పదేపదే ఆ మొదటి రీడింగే గుర్తొచ్చింది.

ముందు, నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. ఇందులో మన తెలుగు నేల పాత్ర చాలా పెద్దది, అది చాలామందికి తెలియదు. ఎమర్జెన్సీ రోజుల్లో గిరాయిపల్లి ఎన్‌కౌంటర్ మీద 1977లో తార్కుండే కమిటీ విచారణ చేసింది. ప్రభుత్వం భార్గవ కమిషన్ వేసింది. 1978లో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో రమీజాబీ కేసు. ఆమె మీద అత్యాచారం, ఆమె భర్త మరణం, ఊరంతా అట్టుడికిపోవడం, జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టడం. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయి, చివరికి పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. మా అమ్మ తరం వాళ్లను అడగండి, ఆ కర్ఫ్యూ గురించి ఇంకా చెబుతారు.

తర్వాత 1990లలో ఆంధ్రప్రదేశ్ పౌర హక్కుల సంఘం ఎన్‌కౌంటర్ల మీద జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. కమిషన్ దాని మీద 1996 నవంబర్‌లో ఉత్తర్వు ఇచ్చి, 1997 మార్చిలో అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ ఒక విధానం పంపింది. పోలీసుల చేతిలో మనిషి చనిపోతే ఏం చేయాలన్న దానిపై దేశమంతటికీ వెళ్లిన ఆ విధానం మన రాష్ట్రం ఫిర్యాదు నుంచే పుట్టింది. 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఇంకా ముందుకు వెళ్లింది. ఎన్‌కౌంటర్ మరణం జరిగితే పోలీసుల మీద ఎఫ్ఐఆర్ రాయాలి, ఆత్మరక్షణ కోసం కాల్చామంటే దాన్ని కోర్టులో రుజువు చేసుకోవాలి అంది. ఆ తీర్పు మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

చివరికి 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టే 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్ఐఆర్ తప్పనిసరి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి. మెజిస్ట్రేట్ విచారణ జరగాలి. కాల్చిన వాళ్లకు వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. ఇంకో మాట కూడా ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. పోలీసు కాల్పుల్లో జరిగిన మరణాల జాబితాను ప్రతి రాష్ట్ర డీజీపీ ఏడాదికి రెండుసార్లు, జనవరి 15కీ జూలై 15కీ అందేలా, మానవ హక్కుల కమిషన్‌కు పంపాలి. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇదంతా తుపాకీ సంగతి. కానీ మనలో చాలా కుటుంబాలకు పోలీసు బలం ఎదురయ్యేది తుపాకీ రూపంలో కాదు. స్టేషన్‌కు పిలిచి చెంపదెబ్బ కొట్టడం, రాత్రంతా కూర్చోబెట్టడం, లాఠీ. 2020 జూలైలో తూర్పు గోదావరి జిల్లా సీతానగరం స్టేషన్‌లో ఒక దళిత యువకుడికి గుండు గీయించారు, ఎస్ఐ అరెస్టయ్యాడు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో దొంగతనం అనుమానంతో తీసుకెళ్లిన దళిత మహిళ చనిపోయింది. హైకోర్టు జోక్యం చేసుకుని జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ విచారణకు, మళ్లీ పోస్టుమార్టానికి ఆదేశించింది. ఎస్ఐ, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 2023లో మెదక్‌లో చైన్ స్నాచింగ్ కేసులో ఒక కూలీ మనిషిని, సీసీటీవీలో కనబడిన దొంగ పోలికలు ఉన్నాయని పట్టుకున్నారు. అతను కాదని వదిలేశారు. కొద్ది వారాల్లోనే అతను గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. చనిపోయే ముందు, స్టేషన్‌లో తనను ఎలా కొట్టారో మంచం మీద నుంచే వీడియోలో చెప్పాడు. హైకోర్టు ఆ కేసును తనంతట తానే విచారణకు తీసుకుంది.

మెదక్ కేసు నన్ను వదలదు. రోడ్డు మీది కెమెరా ఒక మనిషిని దొంగ అని చూపించింది. అలాంటప్పుడు స్టేషన్ లోపలి కెమెరా అతని తరఫున ఏం చూపించాలి?

స్టేషన్ కెమెరాల గురించి సుప్రీంకోర్టు తీర్పు 2020 డిసెంబర్ 2న వచ్చింది. పరంవీర్ సింగ్ సైనీ కేసు అంటారు. దేశంలోని ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్‌లు, వరండాలు, ఇన్‌స్పెక్టర్ గది, ఎస్ఐ గది, వెనక వైపు, బాత్‌రూమ్‌ల బయట, ఏ మూలా వదలకుండా కెమెరాలు ఉండాలి. చీకట్లో కూడా కనిపించాలి, మాట కూడా రికార్డు కావాలి. రికార్డింగ్ 18 నెలలు ఉంచాలి, ఆ సౌకర్యం లేకపోతే కనీసం ఏడాది. కెమెరా పాడైతే చెప్పాల్సిన బాధ్యత ఆ స్టేషన్ హౌస్ ఆఫీసర్‌ది. వీటిని చూసుకోవడానికి రాష్ట్ర స్థాయిలో ఒక కమిటీ, జిల్లాకొక కమిటీ. స్టేషన్‌లో దెబ్బలు తిన్నామనే వాళ్లకు ఆ ఫుటేజ్ అడిగే హక్కు ఉంటుంది. కాగితం మీద ఇంతకంటే స్పష్టంగా రాయడం కష్టం. అయినా 2025 సెప్టెంబర్‌లో, రాజస్థాన్‌లో ఎనిమిది నెలల్లో 11 కస్టడీ మరణాలు జరిగాయన్న పత్రిక వార్త చూసి, స్టేషన్లలో పనిచేసే కెమెరాలు లేకపోవడం మీద సుప్రీంకోర్టు మళ్లీ తనంతట తానే కేసు మొదలుపెట్టాల్సి వచ్చింది.

మన తెలంగాణకు కెమెరాలు కొత్తేం కాదు. హైదరాబాద్ వీధుల్లో ఉన్నన్ని కెమెరాలు దేశంలో చాలా నగరాల్లో ఉండవు, కాలనీల వాళ్లు చందాలు వేసుకుని మరీ పెట్టించారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభించినప్పుడు ఆ గోడంత తెరల ఫోటోలు మనం అందరం చూసి మురిసిపోయాం. అంటే కెమెరా పెట్టడం, చూడటం, దాచడం మన పోలీసులకు బాగా తెలిసిన పనే. వీధిలో తెలిసినది స్టేషన్‌లో తెలియదంటే నమ్మడం కష్టం.

ఇక కొలత సంగతికి వద్దాం. కెమెరాలు పెట్టాక దెబ్బలు తగ్గాయా? దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఎన్ని ఉండేవో తెలియాలి. దగ్గర్లో దొరికేది కస్టడీ మరణాల లెక్క. అక్కడే మొదటి చిక్కు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2021 సంవత్సరానికి దేశమంతటా పోలీసు కస్టడీలో 88 మరణాలు అని చెప్పింది. మానవ హక్కుల కమిషన్‌కు అందిన సమాచారం ప్రకారం 2021-22లో 175. ఒకటి జనవరి నుంచి డిసెంబర్, ఇంకొకటి ఏప్రిల్ నుంచి మార్చి, నిజమే. అయినా మూడు నెలలు అటూ ఇటూ జరిపితే 88 కాస్తా 175 అవుతుందా? ఎవరిని "కస్టడీలో ఉన్నవాడు" అని లెక్కిస్తారన్న దానిలోనే తేడా వస్తుంది. స్టేషన్ నుంచి వదిలేశాక ఆసుపత్రిలో పోయిన మెదక్ మనిషి లాంటివాడు ఏ గడిలోకి వస్తాడు? అరెస్టు చూపించకుండా రెండు రోజులు కూర్చోబెట్టిన మనిషి ఏ గడిలోకి వస్తాడు?

ఇంకో విషయం. ఆ 2021-22 సంఖ్య అంతకు ముందు ఏడాది కంటే చాలా ఎక్కువ, 2020-21లో 100 మాత్రమే. కెమెరాల తీర్పు వచ్చిన తర్వాత మరణాలు పెరిగాయా అని ఎవరైనా అంటే తొందరపడకండి. 2020-21 అంటే లాక్‌డౌన్ ఏడాది. రోడ్డు మీద జనమే లేనప్పుడు అరెస్టులూ మారిపోతాయి. మరణం లాంటి అరుదైన ఘటన ఒక రాష్ట్రంలో ఏడాదికి కొన్ని మాత్రమే జరుగుతుంది కాబట్టి ఐదు మూడైతే సంస్కరణ గెలిచిందనీ, మూడు ఆరైతే ఓడిందనీ చెప్పలేం. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఒకసారి ఏడు బొమ్మలు పడినట్టే అది.

జిల్లాలవారీగా పోల్చుదామన్నా కుదరదు. 2014లో రాష్ట్రమే రెండయింది. తెలంగాణలో 2016 అక్టోబర్‌లో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. స్టేషన్ల పరిధులు మారాయి, కొత్త కమిషనరేట్లు వచ్చాయి. "పాత నల్గొండ జిల్లాలో ఎన్ని, ఇప్పుడెన్ని" అని అడిగితే ముందు ఏ నల్గొండ అని అడగాలి. పరీక్ష మధ్యలో బీకరు మార్చేసినట్టు ఉంది మన పరిస్థితి.

మరణాలు కాకపోతే ఫిర్యాదులు లెక్కపెడదామా? ఇక్కడ గల్ఫ్‌లో ఉండే మనకు బాగా తెలిసిన కిటుకు ఒకటుంది. జగిత్యాల నుంచో, నిజామాబాద్ నుంచో ఒక కుర్రాడు ఇక్కడికి పనికి రావాలంటే పాస్‌పోర్టుకు పోలీసు వెరిఫికేషన్ కావాలి. చాలా ఉద్యోగాలకు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాలి. ఆ కాగితం ఏ స్టేషన్ చేతిలో ఉందో ఆ స్టేషన్ మీదే ఫిర్యాదు ఇవ్వమంటే ఇస్తాడా? ఏజెంటుకు కట్టిన అప్పు నెత్తిన ఉండగా? రెండు దెబ్బలు తిని, తుడుచుకుని, విమానం ఎక్కుతాడు. అలాంటి ఊళ్లలో ఫిర్యాదులు తక్కువున్నాయంటే పోలీసులు మారారని అర్థం కాదు. పైగా, నిజంగా మంచి ఎస్పీ వచ్చి, భయం లేకుండా చెప్పుకోవచ్చన్న ధైర్యం ఇస్తే, ఆ జిల్లాలో ఫిర్యాదులు పెరగవచ్చు. సంఖ్య పెరగడం మంచికి గుర్తు కావచ్చు, చెడుకూ కావచ్చు. ఒక్క సంఖ్య చూసి చెప్పలేం.

ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలన్నది ఇంకో కథ. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీ పెట్టమంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో రిటైర్డ్ హైకోర్టు జడ్జిని చైర్మన్‌గా నియమిస్తే, వయసు నిబంధన దాటారని హైకోర్టు ఆ నియామకాన్ని నిలిపేసింది. తీర్పు వచ్చి అప్పటికి 15 ఏళ్లు. పదో తరగతి పిల్లవాడి వయసు.

ఇలా చూస్తే కొలవడమే కుదరదా అనిపిస్తుంది. కుదురుతుంది. అమెరికాలో చేశారు. అక్కడ పోలీసుల ఛాతీ మీద పెట్టే బాడీ కెమెరాల మీద 2012లో కాలిఫోర్నియాలోని రియాల్టో అనే చిన్న ఊళ్లో ప్రయోగం చేశారు. ఏ షిఫ్టులో కెమెరా పెట్టుకోవాలో చీటీలు తీసినట్టు నిర్ణయించారు. కెమెరా ఉన్న షిఫ్టుల్లో బలప్రయోగం దాదాపు సగానికి పడింది, ఫిర్యాదులు ముందు ఏడాదితో పోలిస్తే 80 శాతానికి పైగా తగ్గాయి. ప్రపంచమంతా కెమెరాలు కొనేసింది. తర్వాత వాషింగ్టన్ నగరంలో 2,200 మందికి పైగా పోలీసుల మీద అదే పద్ధతిలో, ఇంకా పెద్దగా చేశారు. 2017లో ఫలితం చెప్పారు. చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

ఒకే మందు ఒక ఊళ్లో పనిచేసి ఇంకో ఊళ్లో పనిచేయకపోతే ఏం చూడాలి? వాడిన తీరు చూడాలి. 2016లో వచ్చిన ఇంకో పరిశోధన పలు చోట్ల ప్రయోగాలను విడదీసి చూసింది. నియమం ప్రకారం కెమెరాను మొదటి నుంచి చివరిదాకా ఆన్‌లో ఉంచిన చోట బలప్రయోగం 37 శాతం తగ్గింది. ఎప్పుడు ఆన్ చేయాలో పోలీసు ఇష్టానికి వదిలేసిన చోట 71 శాతం పెరిగింది. ఇది చదివినప్పుడు వంటగదిలో స్టవ్ ఆపేసి మళ్లీ మొదటి నుంచి చదివాను. అంటే కెమెరా కంటే ముఖ్యం, దాని స్విచ్ ఎవరి చేతిలో ఉందన్నది. మన స్టేషన్లలో ఆ స్విచ్, ఆ హార్డ్ డిస్క్ ఎవరి గదిలో ఉంటాయో ఊహించుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. 2023 జనవరి 23న సియాటెల్‌లో రోడ్డు దాటుతున్న ఆదోని అమ్మాయిని, 23 ఏళ్ల విద్యార్థినిని, పోలీసు కారు గుద్దింది. 25 మైళ్ల వేగ పరిమితి ఉన్న వీధిలో ఆ కారు ఒక దశలో 74 మైళ్ల వేగంతో వెళ్లింది. ఆ తర్వాత ఇంకో పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ, ఆ అమ్మాయి ప్రాణానికి పెద్ద విలువేం లేదన్నట్టు మాట్లాడాడు. అతని ఛాతీ మీది కెమెరా దాన్ని రికార్డు చేసింది. అది నెలల తరబడి ఎక్కడో సర్వర్‌లో పడి ఉంది. అదే పోలీసు శాఖలో పనిచేసే ఒక ఉద్యోగి మామూలు పనిలో భాగంగా ఆ ఫుటేజ్ వింటుంటే చెవిన పడింది. పై వాళ్లకు చెప్పారు. అది 2023 సెప్టెంబర్‌లో బయటికొచ్చింది. 2024 జూలైలో నవ్విన అధికారిని, 2025 జనవరిలో కారు నడిపిన అధికారిని ఉద్యోగాల నుంచి తీసేశారు. క్రిమినల్ కేసు మాత్రం పెట్టలేదు. న్యాయం జరిగిందా అంటే ఆదోనిలో ఆ తల్లిని అడగాలి. నేను చెప్పేది ఒకటే, కెమెరా అక్కడ పనిచేసింది ఎవరో ఒకరు కూర్చుని విన్నారు కాబట్టి.

ఆ వాషింగ్టన్ రాష్ట్రమే 2021లో బలప్రయోగం మీద ఒకేసారి చాలా చట్టాలు చేసింది. గొంతు నొక్కి పట్టడం నిషేధం, తోటి పోలీసు తప్పు చేస్తుంటే ఆపాల్సిన బాధ్యత, రాష్ట్రమంతటా ప్రతి బలప్రయోగం వివరాలూ ఒకచోట చేర్చే ఏర్పాటు. జూలైలో అమల్లోకి వచ్చాయి. కొన్ని నెలలకే, మానసిక అనారోగ్యంతో ఉన్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి కూడా చెయ్యి వేయలేకపోతున్నామని పోలీసులు అన్నారు. 2022లో చట్టాలను సవరించారు. కొందరు వెనకడుగు అన్నారు, కొందరు దిద్దుబాటు అన్నారు. నాకు నచ్చింది ఏమిటంటే, చట్టంతో పాటే లెక్క రాసే పుస్తకం కూడా పెట్టారు. మనం చట్టం రాస్తాం, తీర్పు రాస్తాం, పుస్తకం మరిచిపోతాం.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. గత ఏడాది మా బాబాయి కొడుకుని పొలం గట్టు తగాదాలో స్టేషన్‌కు పిలిచారు. సాయంత్రం వెళ్లినవాడు మర్నాడు పొద్దున వచ్చాడు. చెవి మీద వాపు. కేసు లేదు, కాగితం లేదు. పిన్ని నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "అమ్మా, మీరు చదువుకున్నోళ్లు, ఏమైనా చేయండి" అంది. నేను ఇక్కడి నుంచే ఫుటేజ్ కోసం దరఖాస్తు రాసి వాడితో ఇప్పించాను. జవాబు నోటిమాటగా వచ్చింది. కెమెరాలు ఉన్నాయి గానీ హార్డ్ డిస్క్ రిపేరులో ఉందట. కెమెరా పాడైతే చెప్పాల్సింది స్టేషన్ హౌస్ ఆఫీసరేనని సుప్రీంకోర్టు రాసిందన్న సంగతి వాడికి ఫోన్‌లో చదివి వినిపించాను. "అక్కా, నీకు అక్కడ ఏసీలో చదవడానికి బాగుంటది, నేను రేపు కూడా ఆ స్టేషన్ ముందు నుంచే పోవాలి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

పోలీసుల వైపు నుంచి కూడా చూడాలి. మా మామయ్య గారి తమ్ముడు కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యారు. పన్నెండు, పద్నాలుగు గంటల డ్యూటీ, పండగ లేదు, పైనుంచి "రెండు రోజుల్లో రికవరీ చూపించు" అన్న ఒత్తిడి. వేలిముద్రలు, ఫోన్ రికార్డులు చూసి కేసు ఛేదించడానికి టైము ఇవ్వకుండా ఫలితం అడిగితే కొట్టడం తప్ప దారి ఏదని ఆయన అడుగుతారు. అది సాకు అని నేను అన్నాను, కారణం అని ఆయన అన్నారు. మేమిద్దరం ఒప్పుకోలేదు. కానీ ఒకటి నిజం, లాఠీ పడితే చప్పట్లు కొట్టేది మనమే. 2025 మేలో తెనాలిలో ముగ్గురు యువకులను నడిరోడ్డు మీద కూర్చోబెట్టి అరికాళ్ల మీద కొట్టిన వీడియో బయటికొచ్చినప్పుడు చూడండి. స్టేషన్ కెమెరా కాదు, ఎవరిదో ఫోన్. కింద కామెంట్లలో సగం మంది "ఇలాగే కొట్టాలి" అని రాశారు. నా పాత మెసేజ్ గుర్తొచ్చింది.

మరి మనం దూరంగా ఉండి ఏం అడగగలం? పెద్దవేం అక్కర్లేదు. 2014 తీర్పు ప్రకారం జనవరి 15కీ జూలై 15కీ వెళ్లాల్సిన ఆ జాబితాలు ప్రతి ఆరు నెలలకూ వెళ్లాయా, వెళ్లిన వాటిని రాష్ట్ర పోలీసు వెబ్‌సైట్‌లో పెడతారా? ప్రతి స్టేషన్‌లో నెలకు ఎన్ని గంటలు కెమెరా ఆగిపోయిందో జిల్లా కమిటీ రాస్తోందా? స్టేషన్‌కు సంబంధం లేని మనిషి ఎవరైనా, నెలకు ఏవో రెండు రాత్రుల ఫుటేజ్ చీటీ తీసి చూస్తున్నారా? సియాటెల్‌లో ఆ ఉద్యోగి చేసింది ఇదే. ఈ మూడూ ఉంటే, మూడేళ్ల తర్వాత తగ్గిందో పెరిగిందో నాలాంటి ఇల్లాలు కూడా గ్రాఫ్ గీసి చెప్పగలదు. మన సంఘాల సభలకు మంత్రులు, ఎమ్మెల్యేలు వస్తుంటారు కదా, శాలువా కప్పేటప్పుడు ఇది అడిగితే ఎవరికీ నష్టం లేదు.

అర్ధరాత్రి ఊరి నుంచి ఫోన్ వస్తే ఏం చేయాలో కూడా చెబుతాను, ఇది పిన్ని ఫోన్ తర్వాత నేను రాసి ఫ్రిజ్ మీద అంటించుకున్నది. ముందు టైము రాసుకోండి, ఎప్పుడు తీసుకెళ్లారు, ఎవరు చూశారు. అరెస్టు అయితే అరెస్టు మెమో ఉండాలి, కుటుంబానికి చెప్పాలి, 24 గంటల్లో మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి, డాక్టరు పరీక్ష జరగాలి. 1996 నాటి డీకే బసు తీర్పు నుంచి ఉన్నవే ఇవి, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం నాగరిక సురక్షా సంహితలోనూ ఉన్నాయి. మెజిస్ట్రేట్ "కొట్టారా" అని అడిగితే నిజం చెప్పమనండి, చాలామంది అక్కడే భయపడి లేదంటారు. లాయరు ఖర్చు పెట్టుకోలేని వాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఊళ్లో ఉన్నవాళ్లు 15100కు ఫోన్ చేయవచ్చు. కస్టడీలో మరణం గానీ అత్యాచారం గానీ జరిగితే జ్యుడీషియల్ మెజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి, అది ఎవరి దయ కాదు. దెబ్బలుంటే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి కాగితం తీసుకోండి, వాపు రెండు రోజుల్లో పోతుంది.

ఫుటేజ్ దరఖాస్తు మాత్రం ఆలస్యం చేయకండి. తేదీ, ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఏ గది అని రాసి, స్టేషన్‌కు ఒకటి, ఎస్పీకి ఒకటి, జిల్లా కమిటీ పేరున ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు ఫోటో తీసి పెట్టుకోండి. మా తమ్ముడు చివరికి ఎస్పీ ఆఫీసుకు పోస్టు చేశాడు, నేను బతిమాలితే. జవాబు ఇంకా రాలేదు. రసీదు నా ఫోన్‌లో ఉంది.